ఒక్క తప్పూ లేని పాట

పాట విన్నవాళ్లు పాడినవాణ్ణి గుర్తుపెట్టుకుంటారు. కాస్త చెవి ఉన్నవాళ్లయితే గిటారు వాయించింది ఎవరని కూడా అడుగుతారు. డ్రమ్ములవాడు సరేసరి, అంత హడావుడి చేసేవాడు కనబడకుండా ఎక్కడికి పోతాడు? బేస్ గిటారు వాయించేవాడి గోల ఎవరికి కావాలి! నాలుగు లావుపాటి తీగలు మెడకి తగిలించుకుని వెనకాల గోడ పక్కన నిలబడి ఉంటాడు. అతను వాయిస్తున్నంతసేపూ జనం కాళ్లు వాటంతటవే ఆడుతుంటాయి. ఆడిస్తున్నది అతనేనని ఒక్కడికీ తోచదు.

అలాంటి ఒక మనిషిని అందరూ నిదానం అనేవాళ్లు. ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది కానీ, ఆ పేరుతో పిలిస్తే అతనే పలికేవాడు కాదు. పగలంతా బండ్ల సీట్లు కుట్టేవాడు. బస్టాండు వెనక వీధిలో షాపు. చిరిగిన సీటు విప్పి, పాత ఫోము పీకి, కొత్తది కోసి పెట్టి, పైన రెగ్జిన్ లాగి బిగించి, వంకర సూదితో అంచులు కుట్టాలి. డ్రైవర్లు తొందరపెడితే, "రేపట్నించి దీని మీద కూర్చునేది నువ్వే కదయ్యా, కాసేపు నిలబడు" అనేవాడు. పేరు అలా వచ్చిందనుకునేవాళ్లు చాలామంది. అసలు సంగతి వేరు. బేస్ వాయించేటప్పుడు అతను డ్రమ్ము దెబ్బకి వెంట్రుకవాసి వెనక పడతాడు. ఆలస్యం అనడానికి లేదు, సమయానికి పడ్డాడనడానికీ లేదు. ఆ బ్యాండు బతికిందంతా ఆ వెంట్రుకవాసిలోనే. ఒప్పుకోనివాళ్లు ఒప్పుకోకపోతే పోనీ.

బ్యాండులో నలుగురు. పాడుతూ గిటారు వాయించేది నిదానం బావ, అంటే అక్క మొగుడు. డ్రమ్ములు కొట్టేవాడు డబ్బా. ట్రంపెట్ ఊదేవాణ్ణి బాకా అనేవాళ్లు, ఊదేది బాకా కాబట్టి కొంత, తన గొప్పలు తనే ఊదుకుంటాడు కాబట్టి కొంత. వాయించేది ఫంక్ రాక్. అంటే ఏమిట్రా బాబూ అని ఎవరైనా అడిగితే డబ్బా ఒకటే చెప్పేవాడు: "మొదటి దెబ్బ మీద నలుగురం కలిసి పడతాం. తర్వాత ఎవడి చావు వాడు చస్తాడు. మళ్లీ మొదటి దెబ్బకి అందరం ఇంటికి రావాలి. అంతే!"

వాళ్లకొక పద్ధతి ఉండేది. ఒక సబ్బుల ఫ్యాక్టరీ వార్షికోత్సవంలో పుట్టింది అది. అప్పటికి బావ ఇంకా బావ కాలేదు, అక్క కోసమే ఆ ఇంటి చుట్టూ తిరుగుతూ తమ్ముడి చేతికి బేస్ గిటారు ఇచ్చిన రోజులు. నిదానానికి చెమటలు పట్టి, పాట మధ్యలో వేలు జారి, పడాల్సిన చోట పడకుండా పక్క తీగ మీద సగం దెబ్బ ఆలస్యంగా పడ్డాడు. పరువు పోయిందనుకున్నాడు. డబ్బాకి నవ్వొచ్చింది. నవ్వుతూనే, పాట తిరిగి అదే చోటుకి వచ్చేసరికి తనూ కావాలని అక్కడే జారాడు. మూడో చుట్టుకి బాకా జారాడు, బావ జారాడు. కుర్చీల్లో బిగుసుకుని కూర్చున్న ఫ్యాక్టరీ జనం లేచి నిలబడి కాళ్లు నేలకేసి కొట్టారు. ఆ రోజునించీ అదే లెక్క. ఒకడు జారితే నలుగురూ జారాలి. జారినవాడు తర్వాతి చుట్టులో అదే తప్పు చేసి చూపించాలి, మిగతా ముగ్గురూ వచ్చి అందులో పడాలి. వాళ్ల మంచి పాటలన్నీ ఇలా ఎవడో ఒకడు జారితే పుట్టినవే. ఎక్కువసార్లు జారింది నిదానమే.

ఆ ఫ్యాక్టరీ సభలో ముందు వరసలో కూర్చున్న ఒక్క మనిషి మాత్రం లేవలేదు. ఆయన నిదానం వాళ్ల నాన్న. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. పొద్దున్న లేచింది మొదలు తప్పులు వెతకడమే పని. అన్నం తింటూ కూడా పొట్లం కట్టొచ్చిన కాగితం మీద అచ్చుతప్పు కనిపిస్తే పెన్సిలు కోసం చొక్కా జేబు తడుముకునేవాడు. ఇంటికొచ్చాక కొడుకుని పిలిచి, "మూడో పాటలో తప్పు పోయావు. అది చాలదని పక్కవాళ్ల చేత కూడా చేయించావు. ఏం పనిరా అది?" అన్నాడు. ఆ తప్పే పాట అని నిదానం చెప్పాలనుకున్నాడు కానీ, జీవితమంతా తప్పులు కొట్టేస్తూ బతికిన మనిషికి ఆ మాట ఏ నోటితో చెప్పాలి?

తర్వాత ప్రతి ఆల్బమూ నాన్న విన్నాడు. వినలేదని అనడానికి లేదు. కళ్లజోడు పెట్టుకుని కూర్చుని మరీ విని, అట్ట మీద ఎర్ర పెన్సిలుతో ఏ పాటలో ఎక్కడ జారాడో సున్నాలు చుట్టి కొడుకు చేతికిచ్చేవాడు. ప్రెస్సులో తప్పులేవీ లేని ఆఖరి ప్రూఫు మీద ఆయన 'సరిచూశాను' అని రాసి సంతకం పెట్టేవాడు. ఆ మాట కొడుకు ఆల్బం మీద ఎన్నడూ రాయలేదు. నిదానానికి కోపం రాలేదంటే అబద్ధం. పెద్దాయనే కదా, పోనీలే అనుకుని నవ్వేసేవాడు. నవ్వి షాపుకి వెళ్లాక సూది వేళ్లలో దిగేది.

ఏళ్లు గడిచాయి. సాధన చేసుకునే గది షాపు వెనకాలే. మిగిలిపోయిన ఫోము ముక్కలన్నీ నిదానం తన చేత్తోనే గోడలకి అంటించాడు, శబ్దం బయటికి పోకుండా. ఒకరోజు ఆ గదిలో టీ తాగుతూ తాగుతూ బావ గ్లాసు కింద పెట్టి, "ఇంకొక్క ఆల్బం చేసేసి ఆపేద్దాంరా" అన్నాడు. వర్షం ఆగిందా అని అడిగినంత తేలిగ్గా అన్నాడు. ఆయనకి ప్రకటనల కంపెనీలో ఉద్యోగం దొరికింది, సబ్బులకీ పేస్టులకీ బాణీలు కట్టాలి. డబ్బాకి నడుం నొప్పి. బాకా కుటుంబంతో వేరే ఊరు మారిపోతున్నాడు. డబ్బా, బాకా తలలూపారు. ముందే మాట్లాడుకుని వచ్చినట్టుంది ఆ ఊపడం.

నిదానానికి ఇంకో బాధ ఉంది. రెగ్జిన్ లాగి పట్టుకునీ పట్టుకునీ ఎడమ చెయ్యి ఉంగరపు వేలు మొద్దుబారుతోంది. నరం దెబ్బతింది, ఇక పెరగడమే తప్ప తగ్గడం ఉండదు అన్నాడు డాక్టరు. కుట్టుపని ఎలాగో నెట్టుకురావచ్చు. తీగలు నొక్కడమే కష్టం. బ్యాండు పోతే బావకి బాణీలున్నాయి, బాకాకి ఏ పెళ్లి ఊరేగింపయినా ఉంది. తనకి ఇదే ఆఖరిసారి. అందుకే, సిగ్గు విడిచి ఒక్కటి అడిగాడు. ఆఖరి పాట చివర ముగ్గురూ ఆగిపోవాలి. బేస్ ఒక్కటే కొన్ని చుట్లు తిరగాలి. ఆ తర్వాత అందరూ వచ్చి కలవాలి.

"అదొక్క ముక్క నాకు వదిలెయ్ బావా. నా చెయ్యి పడిందనడానికి ఎక్కడో ఒకచోట గుర్తు ఉండాలి కదా" అన్నాడు.

"దానికేం భాగ్యంరా, నీ ఇష్టం" అన్నాడు బావ.

అక్క ఇంటికెళ్లి ఆమెకి కూడా చెప్పుకున్నాడు. అక్క తమ్ముడి వేలు పట్టుకుని నలుపుతూ, "అలాగే ఉంటుందిలేరా, మీ బావ మాటిచ్చాడుగా" అంది.

స్టూడియోలో పరిస్థితి మారిపోయింది. అంతకుముందు నలుగురూ ఒకే గదిలో మొహాలు చూసుకుంటూ వాయించేవాళ్లు. ఈసారి సౌండ్ ఇంజనీరు ఒక్కొక్కరినీ విడివిడిగా పిలిచి, చెవుల్లో టిక్కు టిక్కుమనే గడియారం శబ్దం పెట్టి, దానికి సరిగ్గా వాయించమన్నాడు. నిదానానికి ఆ టిక్కు శబ్దం చెవిలో సూదిలా ఉండేది. అయినా నోరెత్తకుండా పాటలన్నీ అలాగే వాయించాడు. ఆఖరి పాటకి మాత్రం, "ఇదొక్కటి అందరం కలిసి వాయిద్దాం బావా" అని బతిమాలాడు. బావ వాచీ చూసుకుని సరే అన్నాడు.

వాయించారు. పాట ఊపందుకుంది. ఆ గదిలో మళ్లీ పాత రోజులు వచ్చినట్టే అనిపించింది నిదానానికి. చివర ముగ్గురూ ఆగారు. అతనొక్కడే తిరగడం మొదలుపెట్టాడు. రెండో చుట్టులో మొద్దువేలు తీగ మీద నిలవలేదు. జారింది. పడాల్సింది పడకుండా, కింద తీగ వదులుగా గుమ్మని మోగింది.

చచ్చానురా అనుకోలేదు. ఒళ్లు ఝల్లుమంది, ఎందుకంటే అది బాగుంది. ఎంత కూర్చుని కట్టినా దొరకని ముక్క అది. తర్వాతి చుట్టులో కావాలని అక్కడే జారాడు, చూడండ్రా అన్నట్టు తలెత్తి డబ్బా వైపు చూస్తూ. డబ్బా కళ్లు డ్రమ్ము మీదే ఉన్నాయి. ఇంకో చుట్టు, మళ్లీ జారి బాకా వైపు చూశాడు. బాకా ట్రంపెట్ నోటినించి తీసి మూతి తుడుచుకుంటున్నాడు. బావ కళ్లు మూసుకుని ఉన్నాడు. పర్లేదు, మొదటి దెబ్బకి వస్తారు, వచ్చి ఇందులోనే పడతారు, వీళ్లు రాకపోవడమనేది ఉంటుందా అనుకుంటూ తల ఊపి పిలిచాడు.

ముగ్గురూ వచ్చారు. తిన్నగా, శుభ్రంగా, టిక్కుమన్న చోట టిక్కుమని పడ్డారు. అతనొక్కడే జారి పక్కన పడ్డాడు. ముగ్గురూ ఇంటికి చేరారు, అతను వీధిలో ఉండిపోయాడు. పాట అయిపోయేదాకా ప్రతి చుట్టులోనూ జారుతూనే ఉన్నాడు. ఏ ఒక్కడైనా రాకపోతాడా అని.

పాట ఆగాక ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. "బాగుంది, బాగుంది. ఇక చాలు" అన్నాడు బావ, వైర్లు చుట్టుకుంటూ. బాకా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి, "చెయ్యి ఎలా ఉందిరా?" అని అడిగాడు. అన్నేళ్లలో వాడు అడిగిన ప్రశ్నల్లో అంత చెడ్డది ఇంకొకటి లేదు. అక్క అందరికీ భోజనాలు తెచ్చి అక్కడే ఉంది. "ఆ గిటారు ఇక్కడే ఉంచరా, ఇంత బరువు ఈ చేత్తో మోసుకెళ్తావా" అంది. తమ్ముడి మీద ప్రేమే కదా అనుకుని గిటారు అక్కడే వదిలి వచ్చాడు. వాళ్లు రాకపోతే పోయారు, తను జారిన ముక్క టేపులో పడింది కదా, అదైనా ఉంటుంది. దారంతా ఆ ఒక్క మాటే అనుకున్నాడు.

ఆల్బం తయారైందని కబురొచ్చిన రోజు గిటారు తెచ్చుకోవడానికి స్టూడియోకి వెళ్లాడు. ఇంజనీరు లోపల ఏదో పనిలో ఉన్నాడు. నిదానం పెట్టెలోంచి గిటారు తీసి, అలవాటుగా బెల్టు భుజం మీదుగా వేసుకున్నాడు. గిటారు వచ్చి గుండెల మీద ఆగింది. అతనికి ఎప్పుడూ నడుం కిందకి వేలాడాలి. ఆ బెల్టు కుట్టింది అతనే, ఎవరో పెద్దమనిషి కారు సీటులో మిగిలిన అసలు తోలుతో. రంధ్రాలు పొడిచింది అతనే. బకిలీ ఎన్నేళ్లుగానో ఆఖరి రంధ్రంలోనే ఉండి అక్కడ తోలు గుంట పడింది. ఇప్పుడు బకిలీ బాగా లోపలి రంధ్రంలో ఉంది. ఆ రంధ్రం కొత్తగా సాగి అంచు తెల్లబడింది. ఒకసారి పెట్టి చూసినట్టు లేదు, గంటల తరబడి బరువు మోసినట్టుంది. బావ నిదానం కంటే జానెడు పొట్టి.

"ఇది ఎవరైనా వాయించారా?" అని అడిగాడు.

ఇంజనీరు మంచివాడే, పాపం, కుట్రలు తెలియనివాడు. "మీకు చెప్పలేదా అండీ? మీ బావగారు ఒక పూట కూర్చుని బేస్ అంతా మళ్లీ వాయించేశారుగా. మీ చెయ్యి బాగాలేదని చెప్పారు. చాలా చక్కగా వచ్చిందండీ, గీత గీసినట్టు."

"అంతా అంటే?"

"అన్ని పాటలూ."

నిదానం బెల్టు మళ్లీ తన రంధ్రానికి మార్చుకుని, గిటారు పెట్టెలో పెట్టి మూత వేశాడు. తిన్నగా అక్క ఇంటికి వెళ్లాడు. బావ కుర్చీలో కూర్చుని బూట్లకి పాలిష్ చేసుకుంటున్నాడు, కొత్త ఉద్యోగానికి. అక్క కూరగాయలు తరుగుతోంది.

"ఎవరు వాయించారు బావా?"

"ఏది?" అన్నాడు బావ. అడిగినవాడి మొహం చూసి బ్రష్షు పక్కన పెట్టాడు.

అక్క చెయ్యి తుడుచుకుంటూ లేచింది. "నేనే చెప్పాన్రా. నీ చెయ్యి అలా ఉంటే జనం నవ్వుకుంటారని... నిన్ను నలుగురిలో తక్కువ చెయ్యకూడదనే. అట్ట మీద పేరు నీదే ఉంది, చూసుకో."

"నా పేరు తీసెయ్యండి."

"అచ్చయిపోయిందిరా" అన్నాడు బావ.

"చెయ్యి సంగతి కాదక్కా" అన్నాడు నిదానం. జన్మలో గొంతు పెంచని మనిషికి ఎంత పెంచాలో కూడా తెలియలేదు. "మొదటిసారి చెయ్యి జారింది, ఒప్పుకుంటా. తర్వాత నేనే జారాను. కావాలని జారాను. బావా, నువ్వు చెప్పు. నీకు అర్థం కాలేదా?"

అర్థం కాలేదు అని ఒక్క అబద్ధం ఆడి ఉంటే బాగుండేది. ఎన్నో అబద్ధాలు ఆడిన మనిషి, ఇది కూడా ఆడలేకపోయాడా?

"అర్థమైంది" అన్నాడు బావ. "అందరికీ అర్థమైంది. ఈసారి ఎవరూ జారొద్దని వాళ్లిద్దరికీ ముందే చెప్పాను. ఇంకా ఎన్నాళ్లురా ఆ పిల్లచేష్టలు? ఆఖరిది, ఒక్కటైనా శుభ్రంగా ఉండాలనుకున్నా. రేపు ఆఫీసులో నలుగురికీ వినిపించుకోవాలి నేను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు వింటావా?"

నిజమే, వినడు. గిటారు నేర్పింది ఈ బావే, జారడం నేర్చుకున్నదీ ఇతని పక్కనే. ఇప్పుడదే పిల్లచేష్ట అయింది. అక్క ఏడుస్తూ, "కూర్చోరా, టీ పెడతా" అంది. నిదానానికి ఈ ఇంట్లో ఇంకెప్పుడూ టీ తాగనని అనేంత ధైర్యం కూడా లేకపోయింది. పని ఉందక్కా అని చెప్పి వచ్చేశాడు. ఆ తర్వాత బ్యాండు నలుగురూ ఒకచోట కూర్చున్నది లేదు. విడిపోయామని కూడా ఒకరికొకరు చెప్పుకోలేదు. విడిపోవడానికి కూడా నలుగురూ కలవాలి కదా!

ఇంటికి చేరేసరికి గుమ్మంలోకే పాట వినిపిస్తోంది. పొద్దున్నే బాకా వచ్చి ఆల్బం ఇచ్చి వెళ్లాడట. నాన్న కళ్లజోడు పెట్టుకుని, చేతిలో ఎర్ర పెన్సిలుతో, స్పీకరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టుకున్నాడు. కొడుకుని చూసి మాట్లాడొద్దని వేలు చూపించాడు.

ఆఖరి పాట. ముగ్గురూ ఆగారు. బేస్ ఒక్కటే తిరుగుతోంది. రెండో చుట్టులో ఆ చోటు వచ్చింది. ఏమీ జరగలేదు. నున్నగా వెళ్లిపోయింది. తర్వాతి చుట్టూ అంతే. నిదానం గిటారు పెట్టె పట్టుకుని నిలబడే విన్నాడు. తన తీగలే, తన గిటారు గొంతే. ఆ వెంట్రుకవాసి ఆలస్యం లేదు. మొదటి దెబ్బకి అందరూ ఒక్కసారిగా వచ్చి పడ్డారు.

పాట ఆగింది. నాన్న కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"ఒక్క తప్పు లేదురా" అన్నాడు. "మొదటినించీ చివరిదాకా, పెన్సిలు పెట్టే చోటు లేదు. ఆ చివర ఒక్కడివే వాయించావే, అక్కడ జారతావు, ఇప్పుడు జారతావు అని ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా. జారలేదు. ఇన్నాళ్లకి నేర్చుకున్నావు. నేను పోయేలోగా వింటాననుకోలేదు."

నిదానం నోరు తెరిచాడు. అది నేను కాదు నాన్నా అన్నది నాలిక చివరిదాకా వచ్చింది. ముసలాయన మొహం చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మొహంలో తన కోసం అంత సంతోషం చూసి ఎరగడు. ఆ సంతోషం బావది, తనది కాదు. దాన్ని కూడా తీసుకెళ్లి బావకి అప్పజెప్పాలా?

"ఈసారి జాగ్రత్తగా వాయించాను నాన్నా" అన్నాడు.

"అదే మరి! జాగ్రత్త ఉంటే రానిదేముంది?" అంటూ నాన్న అట్ట వెనక్కి తిప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. కింద చిన్న అక్షరాల్లో ఉన్న కొడుకు పేరు వెతికి పట్టుకుని, దాని పక్కన ఎర్ర పెన్సిలుతో 'సరిచూశాను' అని రాశాడు. ప్రెస్సులో పెట్టినట్టే తీరిగ్గా సంతకం పెట్టాడు. ఆఖరి గీత పక్కకి జారింది, ఆయన చూసుకోలేదు.

"మళ్లీ పెట్టరా, ఆ ఆఖరిది" అన్నాడు.

నిదానం గిటారు పెట్టె గోడకి ఆనించి, వెళ్లి ఆ పాటే మళ్లీ పెట్టాడు.